డీజే పెట్టె సరే, డప్పు కూలి మాటేమిటి?

పెళ్లి బారాతయినా, వినాయక నిమజ్జనమయినా ఇస్నాపూర్ చౌరస్తాలో ఇప్పుడు వినిపించేది డీజే పెట్టెల మోతే. తెలుగు సినిమా పాట అయిపోగానే హిందీ పాట, దాని వెనుకే భోజ్‌పురి పాట. పాశమైలారం కార్ఖానాల్లో పనికోసం ఎన్నో రాష్ట్రాలవారు వచ్చి ఇక్కడ అద్దె గదుల్లో ఉంటున్నారు, వారితోపాటే వారి పాటలూ వచ్చాయి. చుట్టుపక్కల గ్రామాల పెద్దలు ఇదంతా చూసి, పరాయి వాయిద్యాలు వచ్చి మన పాటను చెడగొట్టాయని బాధపడుతుంటారు. వారి బాధ నిజమే. కాని తప్పు వారు వేలు చూపిస్తున్న చోట లేదు.

మనదని గర్వంగా చెప్పుకునే తీన్మార్ సంగతే చూడండి. తీన్ అంటే మూడు, మార్ అంటే దెబ్బ. ఆ మూడు దెబ్బల నడకకు పుట్టిల్లు మన జిల్లా కాదు, అసలు ఈ దేశమే కాదు. యెమెన్ దేశంలోని హద్రమౌత్ ప్రాంతంనుంచి వచ్చిన అరబ్బులు, తూర్పు ఆఫ్రికానుంచి వచ్చిన సిద్దీలు నిజాము కొలువులో సిపాయిలుగా ఉండేవారు. హైదరాబాదులో ఏ.సి. గార్డ్స్ అని పిలిచే పేటకు ఆ పేరు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అనే గుర్రపు దళంనుంచే వచ్చింది. అరబ్బులుండే బార్కస్ పేరు బ్యారక్స్ అనే మాటకు మన నోటి రూపం. వీరు తమ పెళ్లిళ్లలో వాయించుకునే మర్ఫా ముందు నగరంలోని మిగతా ముస్లిముల పెళ్లిళ్లకు పాకింది. ఆ తర్వాత హిందువుల బారాతులకు వచ్చింది, గణపతి ముందుకూ వచ్చింది. మర్ఫా మేళంలో డోలు, డఫ్‌తోపాటు స్టీలు బిందె, చెక్క బద్దలు కూడా ఉంటాయి. నీళ్లు పట్టే బిందెను వాయిద్యమని ఒప్పుకున్న మనం కొత్త వాయిద్యాలు వద్దనడం ఏమి న్యాయం?

హార్మోనియం కూడా ఐరోపానుంచి వచ్చిందే. మన సంగీతానికి అది పనికిరాదని 1940లో ఆకాశవాణి దానిమీద నిషేధం పెట్టి, దాదాపు మూడు దశాబ్దాలపాటు రేడియోలో వినిపించకుండా చేసింది. ఊళ్లలో భజన బృందాలవారు, పద్యనాటకాలవారు మాత్రం నిషేధం మాట చెవిన పడనట్టే వాయించుకుంటూ పోయారు. ఇవాళ హార్మోనియం పరాయిదంటే ఏ భజన మండలీ ఊరుకోదు.

మన ప్రాంతానికి ఇంకా దగ్గరగా ఉండే కథ ఒకటుంది. కార్ఖానాల పక్కన ఖాళీ ఇనుప డ్రమ్ములు చూడనివారు ఇక్కడ ఉండరు. వెస్టిండీస్ దీవుల్లో ట్రినిడాడ్ అనే చోట, ఆఫ్రికానుంచి బానిసలుగా తెచ్చినవారి సంతతి వాయించే తోలు డోళ్లను 1880లలో బ్రిటిష్ సర్కారు కట్టడి చేసింది. వారు వెదురు బొంగులతో నేలమీద దరువేశారు. తరువాత బిస్కెట్ డబ్బాలు, చివరికి నూనె డ్రమ్ములు పట్టుకున్నారు. డ్రమ్ము అడుగు భాగాన్ని సుత్తితో గిన్నెలా గుంట చేసి, ఒక్కొక్క చోట ఒక్కొక్క స్వరం పలికేలా సరిచేశారు. 1951లో ఆ బృందం లండన్ వెళ్లి వాయించింది. 1992లో అది ఆ దేశానికి జాతీయ వాయిద్యమయింది. (ఇది చదివి మన కుర్రవాళ్లు రసాయనాల డ్రమ్ములు మాత్రం ఇంటికి తేవద్దు. వాటి అడుగున మిగిలేది విషం.)

కాబట్టి వాయిద్యం ఎక్కడిది, దేనితో చేసింది అన్న తగాదా దండగ. డప్పుకే ఇప్పుడు తోలు బదులు ఫైబరు రేకు వేస్తున్నారు. మంట మీద కాచే పని లేదు, వానకు మెత్తబడదు. అది అసలు డప్పు కాదని ఈసడించేవారు రెండు గంటలు వానలో నిలబడి తోలు డప్పు కొట్టి చూడాలి.

తగాదా పెట్టుకోవలసిన సంగతి వేరే ఉంది. మర్ఫాకైనా, ఆ నూనె డ్రమ్ముకైనా వెనుక ఒక మనిషి ఉన్నాడు, సాయంత్రానికి అతని చేతిలో కూలి పడింది. డీజే పెట్టెలోంచి డప్పు మోగినప్పుడు ఏ డప్పు కళాకారుడికీ రూపాయి ముట్టదు. కీబోర్డులో, ప్యాడ్‌లో డప్పు మోత ముందే ఎక్కించి ఉంటుంది, వేలు తగిలిస్తే చాలు. మన ధ్వని మిగిలింది, మనిషి పోయాడు.

సినిమావారి ఆదరణ కూడా ఒక్క పాట మేరకే. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగిలయ్య 12 మెట్ల కిన్నెర మీద పండుగ సాయన్న కథ పాడుతూ ఊళ్లు తిరిగినవారు. వెదురు కర్రకు ఎండిన సొరకాయ బుర్రలు కట్టి, తేనె మైనంతో మెట్లు అతికించే వాయిద్యమది. 2021లో తమన్ 'భీమ్లా నాయక్' పాటను ఆయన గొంతుతో మొదలుపెట్టగా రాష్ట్రమంతా విన్నది. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో అదే మొగిలయ్య కూలి పనికి వెళ్తున్న ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. పాట విన్న లక్షల మందిలో ఆయనను తమ ఊరికి పిలిపించుకున్నవారు ఎందరు?

డప్పు విషయంలో మరో మాట కూడా దాచకుండా చెప్పుకోవాలి. డప్పు కొట్టడం ఊరు మాదిగల మీద మోపిన వెట్టి. చావుకు, చాటింపుకు, జాతరకు పిలిస్తే పోవలసిందే. కూలి అడిగే హక్కు లేదు, పంక్తిలో చోటు లేదు. అందుకే చదువుకున్న పిల్లలు డప్పు ముట్టబోమన్నారు, అనడం న్యాయమే. 1994లో మొదలయిన దండోరా ఉద్యమం ఆ డప్పునే ఆత్మగౌరవానికి గుర్తుగా ఎత్తిపట్టింది. మన తూప్రాన్ బిడ్డ గద్దర్ పాట వెంట ఊరూరా నడిచిందీ డప్పే. కనుక కళను కాపాడండని ఆ కుటుంబాలకు నీతులు చెప్పే అర్హత మనకు లేదు. పిలిచేవారి పద్ధతి మారాలి.

2024 అక్టోబరులో హైదరాబాదు పోలీసులు నగరంలో ఊరేగింపులకు డీజేలను నిషేధించారు. ఇక్కడ నిషేధందాకా ఆగవలసిన పని లేదు. డీజేకు, లైట్లకు, జనరేటరు బండికి వేలకు వేలు పోసే యువజన సంఘాలు ఆ ఖర్చులో సగం డప్పు బృందానికి, ఒగ్గు డోలు బృందానికి కేటాయించవచ్చు. రేటు ముందే మాట్లాడుకుని బయానా ఇవ్వాలి. భోజనం అందరితోపాటు ఒకే పంక్తిలో పెట్టాలి. కార్ఖానాల యాజమాన్యాలు విశ్వకర్మ పూజకు, ఆయుధ పూజకు వీరిని పిలవాలి. అక్కడ బీహారు కార్మికుల ఢోలక్ పక్కన మన డప్పు మోగితే, అరబ్బుల దరువు మనకు తీన్మార్ అయినట్టే ఇంకేదో కొత్త దరువు పుట్టినా పుట్టవచ్చు. పెట్టెలు పక్కపక్కన పెడితే పుట్టేది చెవిపోటే.

సంఘాలవారు వచ్చే వినాయక చవితికి చందా పుస్తకాలు అచ్చు వేయించకముందే ఈ పద్దు రాసుకోవాలి. నిమజ్జనం రోజు మిగిలితే ఇద్దామనుకుంటే మిగలదు.