ఒక్కొక్క పెట్టెకు ఒక్కొక్క పని



మా ఆవరణలో వెనుక గదిలో చదువుకొనే పిల్లలకు వై-ఫై అందడం లేదు. స్త్రీల సమాజమువారు పిడికెడు బియ్యపు కానుక సొమ్ము మా చేతికిచ్చారు. నాంపల్లి స్టేషనులో దిగి, అబిడ్స్‌కు నడిచి, చిరాగ్ అలీ లేనులోని కంప్యూటర్ దుకాణములలో ఒక మంచి రౌటరు కొన్నాము. "గోడలు అడ్డమవుతున్నాయి అయ్యగారూ" అని పిల్లలు ముందే చెప్పారు. మేము వినలేదు. కొత్త రౌటరును పాత పెట్టె ప్రక్కనే పెట్టాము. వెనుక గదిలో ఏ మార్పూ లేదు. విధవరాండ్రు కూడబెట్టిన బియ్యపు సొమ్మని తలంచి ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

మరునాడు కేబుల్ పని తెలిసిన మా సంఘపు యువకుడు చూసి, "మనకు కొదువైంది రౌటరు కాదండి, తీగ" అన్నాడు. అతడు చెప్పినది మీకును ఉపయోగపడుతుంది.

ఫైబరు తీగలో సమాచారము వెలుగుగా వస్తుంది. దానిని విద్యుత్ సంకేతములుగా మార్చేది ఓ.ఎన్.టి. అనే మొదటి పెట్టె. రౌటరు ద్వారపాలకుని వంటిది. ఇంటిలోని ప్రతి ఫోనుకు, కంప్యూటరుకు ఒక నంబరు ఇచ్చి, ఎవరికి వచ్చినది వారికే పంపుతుంది. స్విచ్ తీగల ద్వారా పంచుతుంది. యాక్సెస్ పాయింట్ తీగలో వచ్చినదానిని గాలిలో పంచుతుంది, అదే వై-ఫై. నేడు చాలా ఇండ్లలో ఈ నాలుగు పనులూ ఒకే పెట్టె చేస్తుంది గనుక మనకు తేడా తెలియదు.

నెట్‌వర్క్ తీగ 100 మీటర్ల వరకు పనిచేస్తుంది. ఆ యువకుడు 30 మీటర్ల తీగ లాగి, మేము కొన్న రౌటరునే వెనుక గదిలో పెట్టాడు. ఒక ఇంటికి ఇద్దరు ద్వారపాలకులు వద్దని, దానిలో నంబర్లిచ్చే పనిని ఆపి, యాక్సెస్ పాయింటుగా మార్చాడు. ఆ సాయంత్రమే పిల్లలు పాఠములు విన్నారు. బియ్యపు సొమ్ము వ్యర్థము కాలేదు.

ప్రియులారా, కొనకముందు ఇంటి పటము గీసి, ఏ గదికి అందడం లేదో గుర్తించి, దుకాణమువారికి చూపించండి.

1 కొరింథీ 12వ అధ్యాయములో పౌలు అవయవముల సంగతి వ్రాశాడు. దానిపై ఎన్నోసార్లు ప్రసంగించాము. అయినను సంఘములో ఏదైనా కొదువైతే మరియొక కమిటీని, మరియొక బోధకుని కోరుతాము. కొదువైనది వెనుక వరుస వరకు వెళ్లే తీగ కావచ్చు. వెనుక వరుసలోనివారిని ముందుగా అడుగుదము.