గృహిణీ విజ్ఞానము: త్రోపుడుతో లేచిన కారు



గడచిన వేసవిలో మా పెద్దమ్మాయికి తిరుపతిలో ప్రవేశపరీక్ష. ఉదయము 9 గంటలకు ప్రారంభము. నిమిషము జాగైనను లోనికి రానీయరని నియమము. చిత్తూరునుండి దూరము సుమారు 70 కిలోమీటర్లు. మావారు బడిపనిమీద పొరుగూరికి వెళ్లియుండుటచే మా పాత మారుతి కారును నేనే నడపవలసివచ్చెను. ఆరు గంటలకు తాళము త్రిప్పగా "టక్కు"మను సద్దు తప్ప మఱేమియు లేదు. ముందటి రాత్రి దీపము లార్పుట మఱచినదానను నేనే, బ్యాటరీ చల్లబడినది. కరకంబాడిలో బ్యాటరీల కర్మాగారమే యున్నదిగాని, ఆ వేళ మా యింటికి దానివలన నేమి ప్రయోజనము! పిల్ల ముఖము చిన్నబోయెను.

పాలుపోయు కుఱ్ఱవాండ్రిద్దఱు పరుగున వచ్చి బండిని త్రోసిరి. నేను మొదటి గేరు వేసి, మెల్లమెల్లగా క్లచ్చి విడిచితిని. బండి కుదిలి కుదిలి నిలిచిపోయెను. రెండవమాఱును అంతే. "నువ్వు దిగక్కా, మేము చూస్తాము" అనిరి. నేను దిగబోవుచుండగా, పూర్వము బస్సు నడిపిన యెదురింటి తాతగారు అరుగుమీదనుండి లేచివచ్చి, "దిగొద్దమ్మా! తోసేది వాళ్లు, బండిని లేపేది నువ్వు. రెండో గేరు వెయ్యి. పరుగందుకొన్నాక ఒక్కసారిగా కాలు తియ్యి" అనిరి. అట్లే చేసితిని. ఒక్క కుదుపుతో ఇంజను మేల్కొనెను.

ఇందలి మర్మ మేమి? ఇంజను తనంతట తాను మొదలుపెట్టి తిరుగజాలదు. దానిని మొదట త్రిప్పువారుండవలెను. పూర్వము ముందువైపున ఇనుపకడ్డీ దూర్చి చేతితో త్రిప్పెడివారు. 1912లో అమెరికాలోని కాడిలాక్ కార్లకు విద్యుత్తుతో త్రిప్పెడు సాధనము చేరినపిదప ఆ చాకిరి క్రమముగా తప్పినది. బ్యాటరీ చల్లబడిననాడు ఆ పనిని చక్రములే చేయవలెను. క్లచ్చి త్రొక్కియున్నంతవఱకు చక్రములకును ఇంజనుకును పొత్తు లేదు. పిడి యూడిన తిరుగలివలె. కాలు తీసినంతనే పొత్తు కుదిరి, బండి పరుగు ఇంజనును త్రిప్పును. మొదటి గేరులో ఇంజను మిక్కిలిగా అడ్డుకొని చక్రములను పట్టివేయును. రెండవదానిలో ఆ పెనుగులాట తక్కువ.

కావున తాళము త్రిప్పియుంచి, క్లచ్చి త్రొక్కి, రెండవ గేరు వేసి, చేతిబ్రేకు విడువుడు. త్రోయువారు పరుగందుకొన్నపుడు చటుక్కున కాలు తీయుడు. ఇంజను పలికినంతనే మరల క్లచ్చి త్రొక్కి, బ్రేకుతో బండిని అదుపుచేయుడు. పిదప అరగంటయైనను ఇంజనును ఆర్పక నడపినచో బ్యాటరీ కొంత తేరుకొనును.

కొన్ని జాగ్రత్తలు తప్పవు. క్లచ్చి లేని ఆటోమేటిక్ బండ్లకు ఈ ఉపాయము పనికిరాదు. తాళము త్రిప్పినను ముందరి పలకపై ఒక్క దీపమైనను వెలుగనిచో నేటి బండ్లు త్రోసినను లేవవు. వేఱొక బండి బ్యాటరీనుండి తీగలు కలుపవలసినదే. త్రోయువారి వెనుక మఱియొక వాహనము రాకుండ చూడుడు. పిల్లలను దూరముగా నిలుపుడు.

పల్లమున్నచోట మనుష్యులేల యని తోచవచ్చును. కొండదారిలో ఆ సాహసము వలదు. ఇంజను ఆగినపుడు బ్రేకు ఱాయివలె గట్టిపడును, స్టీరింగు బరువెక్కును. 1944లో తెఱచిన తిరుమల మొదటి ఘాట్ రోడ్డు మీదుగానే నేడు బండ్లు కొండ దిగుచున్నవి. అందలి మలుపులలో అట్టి బండి మన వశమున నుండదు.

మేము ఎనిమిదింటికే చేరితిమి. పరీక్ష ముగిసినపిదప తాళము త్రిప్పగానే కారు కదలెను. నన్ను దిగుమన్న కుఱ్ఱవాండ్రు ఏనాడును కారు నడపియెఱుగరని తరువాత తెలిసినది! అయినను వారి మాటకు నా చేయి తలుపుమీదికి పోయినది. అది తలచుకొన్నపుడెల్ల నాకు సిగ్గగును.

తీరిక చిక్కినపుడు చదునైన మైదానమున ఒకమా ఱభ్యసింపుడు. మావారికిని ఈ విద్య తెలియదట. వచ్చు ఆదివారము నేర్పుమని నన్నడిగిరి. మొదట త్రోయుట నేర్పెదను.