ఉన్నమాట అంటే ఉలుకెవరికి?

యథార్థవాది లోకవిరోధి అని మనకో సామెత ఉంది. మగవాడి విషయంలో అది సగం మెచ్చుకోలే. 'ఆయనది ముక్కుసూటి మనస్తత్వం, ఉన్నదున్నట్టు మొహం మీదే చెప్పేస్తాడు' అంటారు. అదే పని ఆడది చేస్తే ఆమె కోసం వేరే మాటలు సిద్ధంగా ఉంటాయి: నోరుగలది, గయ్యాళి, నోటిదూల, బరితెగించింది, ఇంటిగుట్టు బజారుకెక్కించింది. గయ్యాళికి పుంలింగం ఏమిటో ఎవరైనా చెప్పగలరా? అలాంటి మాట భాషలో లేదు. మగవాడు నోరు విప్పడం ఒక దోషమని ఈ సమాజానికి ఎన్నడూ తోచలేదు గనుక దానికొక పేరు పెట్టాల్సిన అవసరమూ రాలేదు.

భయాలకు కూడా ఇలాగే రెండు లెక్కలున్నాయి. కొన్ని ఊరంతా ఒప్పుకున్న భయాలు. వాటి గురించి ఎంత గట్టిగా మాట్లాడినా ఎవరూ తప్పుపట్టరు. 'ప్రజల్లో భయాందోళనలు' అని పత్రికలు రాస్తాయి, అధికారులు సమావేశాలు పెడతారు. స్త్రీలు ఇంట్లో, పనిచోట, అప్పులవాడి ఎదుట రోజూ పడే భయాలు మరికొన్ని. అవి మాత్రం 'వ్యక్తిగతం', 'ఆలుమగల వ్యవహారం', లేదా 'అది ఆమె అభిప్రాయం'. ఏ భయం ప్రజలది, ఏ భయం సొంతానిది అని నిర్ణయిస్తున్నది ఎవరు?

చిరుతకు బోను, మొగుడికి సామెత

2023 ఆగస్టులో తిరుమల అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాపను చిరుత చంపేసింది. ఊరు వణికిపోయింది. వణకవలసిన విషయమే. వెంటనే బోన్లు పెట్టారు, కెమెరాలు బిగించారు, భక్తులను గుంపులుగా కాపలా మధ్య పంపారు, పదిహేనేళ్ల లోపు పిల్లలను మధ్యాహ్నం రెండు దాటాక ఆ దారిలో పోనివ్వలేదు. చిరుతలను పట్టుకున్నారు కూడా. ఒక భయాన్ని నిజమని నమ్మితే ప్రభుత్వ యంత్రాంగం ఎంత వేగంగా కదలగలదో అందరం చూశాం.

మరో లెక్క చూద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన స్త్రీలలో నూటికి 30 మంది భర్త చేతిలో శారీరక హింసో లైంగిక హింసో అనుభవించినవాళ్లు. దేశం మొత్తం మీద హింసకు గురైన స్త్రీలలో నూటికి 77 మంది ఎవరి సాయమూ అడగలేదు, ఎవరికీ చెప్పుకోలేదు. అత్యాచారం కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితులు బాధితురాలికి ముందే తెలిసినవాళ్లని జాతీయ నేర గణాంకాలు ఏటా చెబుతూనే ఉన్నాయి. అయినా మన పిల్లలకు మనం నేర్పేది ఏమిటి? చీకట్లో, సందు మలుపులో, ముక్కూమొహం తెలియనివాడిని చూసి భయపడమని. ప్రమాదం ఎక్కువున్నచోట సామెతలు చెబుతాం, తక్కువున్నచోట కాపలా పెడతాం.

చట్టాలు కూడా ఇదే దారి పట్టాయి. హైదరాబాదు ఘటన తర్వాత 2019 డిసెంబరులో మన శాసనసభ దిశ బిల్లును ఆమోదించింది. 21 పనిదినాల్లో తీర్పు అన్నారు. దానికి రాష్ట్రపతి ఆమోదం దొరకలేదు. ఆ పేరుతో యాప్ వచ్చింది, 2025లో దాని స్థానంలో శక్తి యాప్ వచ్చింది. ఇవి వద్దని నేననడం లేదు. ఆపదలో మీట నొక్కితే పోలీసులు వస్తే మంచిదే. కానీ ఆ ఫోను భర్త చేతిలోనే ఉండే ఇల్లాలు ఏ మీట నొక్కాలి? 2005 గృహహింస చట్టం కింద ఉండవలసిన రక్షణాధికారి ఎక్కడ కూర్చుంటారో మన మండలంలో ఎంతమంది ఆడవాళ్లకు తెలుసు? బయటి మగవాడి మీద భయం ఓట్లు తెస్తుంది. ఇంటి మగవాడి మీద భయం గురించి మాట్లాడితే ఓట్లు పోతాయి. తేడా అంతే.

చీకటి ఎవరికి ప్రమాదం?

తిరుపతిలో చదువుకునే ఏ అమ్మాయినడిగినా హాస్టలు గేటు కథ చెబుతుంది. పొద్దుగూకేసరికి లోపల ఉండాలి. ఎందుకంటే 'బయట బాగాలేదు'. బాగులేని బయటను బాగుచేయడం మాని, బాగానే ఉన్న అమ్మాయిని లోపల పెట్టి తాళం వేయడం మన రక్షణ విధానం. లైబ్రరీకి పోయే దారిలో దీపాలు వేయడం కంటే తాళంకప్ప చౌక గదా!

అదే అమ్మాయి డిగ్రీ అయి శ్రీసిటీలో సెల్‌ఫోన్ల ఫ్యాక్టరీలో చేరిందనుకుందాం. 2025లో రాష్ట్ర ప్రభుత్వం ఫ్యాక్టరీల చట్టానికి సవరణ తెచ్చింది. రోజు పనిగంటల పరిమితి 9 నుంచి 10కి పెరిగింది, స్త్రీలు ఒప్పుకుంటే రాత్రి షిఫ్టులో పనిచేయవచ్చన్నారు. రవాణా, భద్రత యాజమాన్యం చూడాలన్నారు. స్త్రీకి రాత్రిపూట పనిచేసే హక్కు ఉండాలని మనమూ అంటాం. కానీ నిన్నటిదాకా చదువుకోవడానికి పనికిరాని రాత్రి, ఉత్పత్తికి అవసరమయ్యేసరికి ఎట్లా మంచిదైపోయింది? చీకటి మారలేదు. ఆమె శ్రమ అవసరమైనవాడు మారాడు. 'ఒప్పుకుంటే' అన్న మాట సంగతీ అంతే. ఒప్పుకోను అని పైఅధికారి మొహం మీద చెప్పి మర్నాడు కూడా ఉద్యోగంలో ఉండగల పరిస్థితి ఉంటేనే ఆ మాటకు అర్థం. ఉన్నమాట చెప్పే హక్కు లేనిచోట ఒప్పుదల ఒక కాగితం ముక్క.

అప్పు ఆయనది, చెట్టు ఆమెకు

2025 జూన్‌లో కుప్పం మండలంలోని ఒక పల్లెలో ఏం జరిగిందో పత్రికల్లో చదివాం, వీడియోలో చూశాం. భర్త తీసుకున్న సుమారు 80 వేల రూపాయల అప్పు తీరలేదని ఒక స్త్రీని చెట్టుకు కట్టేశారు. పట్టపగలు, కన్నబిడ్డ ఎదుట. తర్వాత ముఖ్యమంత్రి స్పందించారు, అరెస్టులు జరిగాయి. కానీ మనం అడగవలసిన ప్రశ్న అరెస్టుతో తీరేది కాదు.

భర్త సొంతంగా చేసిన అప్పుకు, తాను సంతకం పెట్టకపోతే, భార్య బాధ్యురాలు కాదు. చట్టం ఇంత తేటగా ఉంది. మరి ఆమెనే ఎందుకు కట్టారు? సిగ్గు వసూలు చేయాలంటే ఆడదాని నుంచే తేలిక గనుక. ఇది ఒక వడ్డీ వ్యాపారి క్రూరత్వం మాత్రమే కాదు, ఒక వసూలు పద్ధతి. 2010లో సూక్ష్మరుణ సంస్థల ఏజెంట్లు గ్రూపు ఆడవాళ్ల ఇళ్ల ముందు కూర్చుని పరువు తీసి డబ్బు రాబట్టినప్పుడూ ఇదే సూత్రం. ఆత్మహత్యల వార్తలు వరసగా వచ్చాక గాని ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేలేదు. అప్పటిదాకా ఆ భయం కూడా 'వాళ్ల వాళ్ల ఇంటి సమస్యే'.

తాడు కట్టడం ఒక్క నిమిషంలో జరిగే పని కాదు. ఒక పల్లె నడిబొడ్డున మనిషిని కట్టేయగలిగే ధైర్యం, ఎవరూ అడగరన్న నమ్మకం నుంచి వస్తుంది. ఆ నమ్మకాన్ని వాళ్లకిచ్చింది మన మౌనమే.

84 మంది 'అభిప్రాయం'

ఇక్కడ మన నోరు మూయించడానికి ఒక అంకె తెస్తారు. అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్ స్త్రీలు నూటికి 84 మంది దాకా, ఏదో ఒక కారణానికి భర్త భార్యను కొట్టడం సబబేనన్నారు. 'ఆడవాళ్లకే లేని బాధ మీకెందుకమ్మా?' అని అడుగుతారు.

ఆ సర్వే ఇచ్చిన కారణాలు ఏడు. చెప్పకుండా బయటికి పోతే, ఇల్లూ పిల్లలనూ పట్టించుకోకపోతే, ఎదురు వాదిస్తే, పడకకు కాదంటే, వంట సరిగా చేయకపోతే, మరొకరితో సంబంధం ఉందని అనుమానం వస్తే, అత్తమామలను గౌరవించకపోతే. కాళ్లు కదిపితే తప్పు, నోరు కదిపితే తప్పు, కాదంటే తప్పు. ఎదురు వాదించడమే దెబ్బలకు కారణమైన ఇంట్లో బతికే స్త్రీని 'నీ అభిప్రాయమేమిటి' అని అడిగితే వచ్చేది అభిప్రాయమా, లేక చిన్నప్పటి నుంచి అప్పజెప్పించిన పాఠమా? సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని గనుక చెబుతున్నాను: ఆ 84 స్త్రీల మనసులను కొలిచిన అంకె కాదు. ఈ లోకంలో రూలు ఏమిటో స్త్రీలకు ఎంత బాగా తెలుసో చెప్పే అంకె.

'మొగుడు కొట్నాడని చెప్పుకుంటే మనకే గదక్కా నామర్దా' అనే మాట మన పల్లెల్లో వినని వాళ్లుండరు. దాన్ని జాగ్రత్తగా వినండి. కొట్టడం మంచిదని ఆమె అనడం లేదు. చెబితే నష్టం తనకేనని అంటోంది. ఆ నష్టం అందరికీ ఒకటి కాదన్న సంగతీ మనం దాచకూడదు. నాలాంటి చదువుకున్న ఉద్యోగస్తురాలు నోరు విప్పితే మహా అయితే చెడ్డపేరు వస్తుంది. దళిత కూలీ స్త్రీ ఆసామి గురించి నోరు విప్పితే రేపటి కూలి పోతుంది, కొన్నిచోట్ల వాడమొత్తం మీద పగ పడుతుంది. అందుకే 'ధైర్యంగా మాట్లాడండమ్మా' అని వేదికల మీద ఉపదేశించడం తేలిక. మాట్లాడినవాళ్ల వెనక నిలబడటమే కష్టం.

గంగమ్మ ఊరు

తిరుపతివాళ్లకు ఇది కొత్త విషయం కాకూడదు. ఏటా మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర చేస్తాం. ఆ కథ ఏమిటి? ఊరి ఆడపిల్లలను చెరిచే పాలెగాడు గంగమ్మ మీద చేయి వేయబోయాడు. ఆమె ఎదురు తిరిగేసరికి పారిపోయి దాక్కున్నాడు. ఆమె రోజుకో వేషంతో వీధివీధీ వెతికింది. చివరికి దొర వేషంలో వస్తే బయటికొచ్చాడు, తల తెగింది. జాతరలో మగవాళ్లు చీరలు కట్టుకుంటారు. పాలెగాణ్ణి బయటికి లాగడానికి బూతులు తిట్టడం భక్తిలో భాగం.

ఆడపిల్ల మీద చేయి వేసిన అధికారవంతుడిని పేరు పెట్టి పిలిచి, వీధిలోకి ఈడ్చి, తిట్టి, శిక్షించడం పుణ్యమని ఈ ఊరికి ఏడాదికో వారం తెలుసు. మిగతా యాభై ఒక్క వారాలూ అదే పని చేసిన అమ్మాయిని 'కొంచెం సర్దుకోమ్మా' అంటారు. దేవతకు నోరుంటే శక్తి, మనిషికి నోరుంటే గయ్యాళితనం!

నోరు విప్పితే ఏమవుతుందో కథల్లోనే కాదు, చరిత్రలోనూ ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం చిత్తూరు జిల్లాకూ పాకింది. అంతకు ముందు తాగొచ్చి కొట్టడం ఆమె ఇంటి గుట్టు. అక్షరాస్యత తరగతుల్లో ఆడవాళ్లు ఒకచోట చేరి ఒకరి కథ ఒకరు విన్నాక అది ఊరి సమస్య అయింది, వేలంపాటలను అడ్డుకుంది, 1993 అక్టోబరు నుంచి సారా నిషేధానికి దారితీసింది. 1995 నాటి సంపూర్ణ మద్యనిషేధాన్ని ప్రభుత్వం 1997లో సడలించిన మాట నిజమే. కానీ ఆ ఉద్యమం తేల్చిన సంగతిని ఎవరూ రద్దు చేయలేరు: ఒక్కతి చెబితే ఫిర్యాదు, పదిమంది కలిసి చెబితే రాజకీయం.

కాబట్టి మనం అడగవలసింది మరిన్ని జాగ్రత్తలు కాదు. ప్రతి మండలంలో రక్షణాధికారి పేరూ ఫోను నంబరూ పంచాయతీ గోడ మీద రాయించమని అడుగుదాం. పదిమంది కంటే తక్కువ పనిచేసే చోట్ల, ఇళ్లలో పనిచేసే స్త్రీల కోసం 2013 చట్టం ప్రకారం జిల్లాలో ఉండవలసిన స్థానిక కమిటీలో ఎవరున్నారో కలెక్టరును అడుగుదాం. హాస్టలు గేటుకు తాళం వేసే ముందు వీధికి దీపం వేయమని అడుగుదాం. వీటన్నిటికంటే ముందు, ఈసారి మన వీధిలో ఒకామె ఉన్నమాట చెప్పినప్పుడు, 'నీకెందుకమ్మా' అనడం మాని, 'అవును, నాకూ అంతే' అందాం. ఆ మాటకు ఉలికిపడేవాళ్లు ఎవరో అప్పుడు వాళ్లంతట వాళ్లే బయటపడతారు.