పదో తరగతి దాటని సైకిలు

పొద్దున ఎనిమిదిన్నర ప్రాంతంలో పొదిలి బజారులో ఓ అరగంట నిలబడి చూడండి. బడికి వెళ్లే ఆడపిల్లలు ఇద్దరిద్దరు, ముగ్గురు ముగ్గురు సైకిళ్ల మీద కబుర్లు చెప్పుకుంటూ పోతుంటారు. చుట్టుపక్కల పల్లెల నుంచి నాలుగైదు కిలోమీటర్లు తొక్కుకుంటూ వచ్చేవాళ్లూ ఉంటారు. ఇప్పుడు అదే రోడ్డు మీద సైకిలు తొక్కే పాతికేళ్ల అమ్మాయిని, నలభయ్యేళ్ల ఇల్లాలిని వెతకండి. నేను చాలాసార్లు వెతికాను. కనిపించడం అరుదు. మరి ఇంతమంది పిల్లలు పదేళ్లు తిరిగేసరికి ఏమైపోతున్నారు? తొక్కడం మర్చిపోతున్నారా? ఈతా, సైకిలూ ఒకసారి వస్తే మర్చిపోయే విద్యలు కావు. మరిపించేవాళ్లు ఉండాలి, అంతే.

ఇది ఎలా జరుగుతుందో మనకందరికీ తెలుసు. పదో తరగతి పరీక్షలు అయిపోతాయి. సైకిలు తమ్ముడి చేతికి పోతుంది, లేదా వసారాలో గోడకి చేరుతుంది. ‘తొక్కొద్దు’ అని ఎవరూ గట్టిగా అనరు. ‘ఇంకా సైకిలేంటే, పెద్దదానివయ్యావు’ అని ఒకరు, ‘సంబంధాలు చూస్తున్నాం, నలుగురూ ఏమనుకుంటారు’ అని ఒకరు. టైరులో గాలి దిగిపోతుంది. మళ్లీ కొట్టించే తీరిక ఎవరికీ ఉండదు. ఆ పిల్ల తన కాళ్ల మీద తాను ఊరు దాటడం అక్కడితో సరి. ఆ తర్వాత ఎక్కడికి వెళ్లాలన్నా నాన్న బండి, అన్న బండి, పెళ్లయ్యాక ఆయన బండి. లేకపోతే నిండిన ఆటో.

ఈ వారం ఈ మాట ఎత్తడానికి కారణం ఉంది. ఈ మధ్య నగరాల్లో సైకిలు యాత్రల సరదా బాగా పెరిగింది. ఆదివారం తెల్లవారుజామునే బయల్దేరి వంద కిలోమీటర్లు తిరిగొచ్చే బృందాలున్నాయి. పదమూడున్నర గంటల్లో 200 కిలోమీటర్లు పూర్తిచేసే ‘బ్రెవే’ యాత్రల్లో ఆడవాళ్లూ పాల్గొంటున్నారు. హైదరాబాదులో ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల పొడవునా సోలార్ పలకల కప్పు వేసి 2023లో సైకిలు బాట తెరిచారు. సంతోషమే. కానీ సైకిలుకి అసలైన దారులు మన పల్లెల మధ్య ఉన్నాయి. వాటి మీద మనం లేం. నా బాధ అదీ.

పొదిలినే చూడండి. నాలుగు వైపులా దారులున్న ఊరు. తూర్పున చీమకుర్తి మీదుగా ఒంగోలుకి దాదాపు 50 కిలోమీటర్లు. ఉత్తరాన దర్శికి పాతిక పైచిలుకు. దక్షిణాన కనిగిరికి ఓ 35. పడమర కొనకనమిట్ల మీదుగా మార్కాపురం వైపు ఇంకో దారి. డెల్టాలోలాగా బల్లపరుపు నేల కాదిది. నెమ్మదిగా ఎత్తు, మళ్లీ నెమ్మదిగా పల్లం. ఎక్కేటప్పుడు ఆయాసం, దిగేటప్పుడు హాయి. పొగాకు, కంది, మిరప, పత్తి, మధ్యమధ్య జామాయిల్ తోటలు. పత్తి పగిలే రోజుల్లో చేలన్నీ తెల్లగా, మాఘ ఫాల్గుణాల్లో మిరప కల్లాలు ఎర్రగా. పొగాకు బ్యారన్‌ల వాసన ఆ చలిగాలిలో కిలోమీటరు ముందే తెలుస్తుంది. బస్సు కిటికీలోంచి ఇవన్నీ కనిపిస్తాయి. సైకిలు మీద అయితే ఆగి చూడొచ్చు, పలకరించొచ్చు.

నేను ఈ నాలుగు దారుల్లోనూ తొక్కాను. కొనకనమిట్ల దారిలో ఒక కల్లం దగ్గర మంచినీళ్లకి ఆగితే, తాలుకాయలు ఏరుతున్న పెద్దావిడ అడిగింది: ‘యాడికమ్మాయ్, ఎవరింటికి?’

‘ఎవరింటికీ కాదు పెద్దమ్మా, ఊరికే తొక్కుకుంటా వచ్చాను.’

‘ఊరికేనా! పనేం లేకుండానా?’ అని కాసేపు నా ముఖం చూసి, ‘మా మనవరాలికీ ఉంది సైకిలు. గొడ్ల చావిట్లో పడుంది’ అంది.

ఆవిడకి ఆశ్చర్యం వేసింది నా సైకిలుని చూసి కాదు, ‘ఊరికే’ అన్న మాట విని. మగవాడు సాయంత్రం అలా ఊరిమీద పడి తిరిగొస్తే ఎవరూ కారణం అడగరు. ఆడది గడప దాటాలంటే గుడో, ఆస్పత్రో, పుట్టిల్లో, పనో ఉండి తీరాలి. ఆ కారణం చెప్పనక్కర్లేని గంట ఒక్కటి వారానికి దొరికితే మనిషి ఎంత తేలికపడుతుందో అనుభవించినవాళ్లకే తెలుసు.

ఇది కాలక్షేపం కబురు అనుకోకండి. తమిళనాడులో పుదుక్కోట్టై మన పొదిలి లాంటి మెట్ట ప్రాంతమే. 1990ల తొలినాళ్లలో అక్కడ ‘అరివొళి’ అక్షరాస్యతా ఉద్యమం చదువుతో పాటు సైకిలు కూడా నేర్పింది. కలెక్టరు షీలా రాణి చుంకత్ దగ్గరుండి ప్రోత్సహించారు. లక్ష మందికి పైగా పల్లెటూరి ఆడవాళ్లు సైకిలెక్కారు. కూలీలు, క్వారీ పనివాళ్లు, నర్సులు అందరూ. బస్సు కోసం కాచుకుని కూర్చునే సమయం మిగిలింది. నీళ్లు, సరుకులు, పిల్లలు సైకిలు మీదే. లేడీస్ సైకిళ్లు చాలకపోతే జెంట్స్ సైకిళ్లే కొన్నారు. ముందున్న కమ్మీ మీద పిల్లని కూర్చోబెట్టుకోవచ్చని కొందరికి అవే నచ్చాయట! పాత్రికేయులు పి. సాయినాథ్ ఈ సంగతులన్నీ వివరంగా రాశారు. అదే రోజుల్లో మన నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దిన ఆడవాళ్లు సారా దుకాణాలు మూయించారు. అంత తెగువ చూపించిన నేల మనది. సైకిలు దగ్గర వెనకాడతామా?

బీహారులో 2006 నుంచి తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి ప్రభుత్వం సైకిళ్లు ఇచ్చింది. కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు దాని ఫలితం లెక్కగట్టారు. హైస్కూలులో చేరే ఆడపిల్లలు 32 శాతం పెరిగారు. ఈ విషయంలో మగపిల్లలకీ ఆడపిల్లలకీ ఉన్న తేడా 40 శాతం తగ్గింది. బడి మూడు కిలోమీటర్లకి మించి దూరమున్న ఊళ్లలో ఫలితం ఇంకా బాగుంది. మన రాష్ట్రంలోనూ 2017లో ‘బడికొస్తా’ పేరుతో ఆడపిల్లలకి సైకిళ్లిచ్చారు. సైకిలు పిల్లని బడి దాకా తీసుకెళ్లగలదని రుజువైంది. బడి అయిపోయాక ఆ పిల్లని ఎక్కడి దాకా వెళ్లనిస్తాం అన్నదే ఇప్పుడు ప్రశ్న.

‘స్కూటీలు వచ్చాక ఇంకా సైకిలేమిటి?’ అంటారు కొందరు. స్కూటీ మంచిదే. కానీ దాని తాళం చెవి చాలా ఇళ్లలో కొడుకు జేబులో ఉంటుంది. పెట్రోలుకి డబ్బు అడగాలి. సైకిలుకి అవేం అక్కర్లేదు. పైగా పొద్దున్నే ఓ గంట తొక్కితే ఒంటికి మంచిది. నడుము పట్టేసిందని, షుగరు వస్తుందేమోనని బెంగపడే మనకి ఇంతకన్నా చవక వైద్యం ఏముంది? యాభై వేల సైకిలు కూడా అవసరం లేదు. ఇంట్లో ఉన్నదానికి బ్రేకులు, చైను సరిచేయిస్తే చాలు.

ఇక దారి సంగతి. నగరాల వాళ్లు దారి ఎంచుకునేటప్పుడు ఎన్ని కిలోమీటర్లు, ఎంత ఎత్తు అని చూస్తారు. మనం చూసుకోవాల్సినవి ఇంకా ఉన్నాయి. మొదటిది, మరుగుదొడ్డి. దారిలో అవస్థ అవుతుందని నీళ్లు తాగకుండా బయల్దేరతాం. మన ఎండలకి అది ప్రమాదం. పెట్రోలు బంకు ఎక్కడుంది, తెలిసినవాళ్ల ఇల్లు ఏ ఊళ్లో ఉంది అని ముందే అనుకుని, నీళ్లు మాత్రం కడుపునిండా తాగండి. ఈ ప్రాంతంలో ఫ్లోరైడ్ బెడద ఉంది కాబట్టి నీళ్ల సీసా ఇంటి నుంచే తీసుకెళ్లడం మేలు. రెండోది, లారీలు. చీమకుర్తి గ్రానైటు లారీలు తిరిగే ఒంగోలు రోడ్డు కొత్తవాళ్లకి వద్దు. దర్శి, కొనకనమిట్ల వైపు మొదలుపెట్టండి. పది కిలోమీటర్లు పోయి పది వెనక్కి వస్తే రెండు గంటల పని. మూడోది, గాలి. జూన్, జులైల్లో పడమటి గాలి విసురుగా ఉంటుంది. అప్పుడు ముందు పడమరకే వెళ్లండి. ఒంట్లో శక్తి ఉన్నప్పుడు ఎదురుగాలి, అలిసిపోయాక వెనకగాలి. రోహిణి కార్తెలో ఏడు గంటలకల్లా ఇంట్లో ఉండాలి.

సీటు ఎత్తు సరిచూసుకోండి. పెడల్ కిందికి వచ్చినప్పుడు దాని మీద మడమ పెడితే కాలు దాదాపు తిన్నగా రావాలి. సీటు మరీ కిందికి ఉంటే మోకాళ్లు నొప్పి పెడతాయి. చున్నీ, కొంగు చక్రంలో పడకుండా దోపుకోండి. మొదట్లో ఇద్దరో ముగ్గురో కలిసి వెళ్లండి. ఎవరైనా వెంటపడితే జనం ఉన్నచోట ఆగి 112కి ఫోను చేయండి. అంతేగాని, ఒకడు వెకిలిగా నవ్వాడని సైకిలు మూలన పడేయకండి. వాడు కోరేదీ అదే.

ఇంట్లో పెద్దవాళ్లకీ ఓ మాట. ఆడపిల్ల భద్రంగా ఉండాలనే మీ భయం మాకు అర్థమవుతుంది. కానీ రోడ్డు మీద ఆడవాళ్లు తగ్గేకొద్దీ, మిగిలిన ఒక్కరికీ భయం పెరుగుతుంది. పదిమంది తిరిగే దారే క్షేమమైన దారి. రోడ్డు వేసే అధికారులు కూడా తారు అంచు దిగీ దిగగానే గుంటలో పడేలా కాకుండా పక్కన రెండడుగుల గట్టి నేల వదలాలి. రోడ్డు వెడల్పు పేరుతో నరికిన చింత, వేప చెట్ల స్థానంలో మళ్లీ నాటాలి. అవి అడగడం మన హక్కు. అడగాలంటే ముందు ఆ రోడ్డు మీద మనం కనిపించాలి.

మీ ఊరి నుంచి బయల్దేరే దారుల్లో ఆడవాళ్లకి ఏది అనువు, ఎక్కడ నీడ, ఎక్కడ మంచినీళ్లు, ఎక్కడ జాగ్రత్త అవసరం, తొక్కి చూసి మాకు రాయండి. ఒకరు తొక్కిన దారి ఇంకొకరికి ధైర్యం. సైకిలు వసారాలోనే ఉందిగా? ఈ ఆదివారం టైర్లకి గాలి కొట్టించండి.