మూలసంకేతం అందరిది, నిర్ణయం ఎవరిది?

వ్యవసాయ విశ్వవిద్యాలయాలలో నేడు ప్రయోగ ఫలితాల విశ్లేషణకు ‘ఆర్’, పటాల తయారీకి ‘క్యూజీఐఎస్’ విరివిగా వాడుతున్నారు. రెండూ ప్రధానంగా స్వచ్ఛంద శ్రమతో ఎదిగిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లు. వాటి మూలసంకేతాన్ని ఎవరైనా చదవవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. అయితే మనం పంపిన సవరణను అసలు ప్రతిలో చేర్చాలా వద్దా అని నిర్ణయించేది ఎవరన్న ప్రశ్న మన తరగతులలో వినిపించదు.

లైసెన్సు దీనికి సమాధానం చెప్పదు. ‘ఆర్’ మూలసంకేతాన్ని మార్చే అధికారం 1997 నుంచి ఒక చిన్న కోర్ బృందానిదే. డెబియన్ 1998లోనే లిఖిత నియమావళిని ఆమోదించుకొని, ఏటా నాయకుణ్ణి ఎన్నుకొంటున్నది. పైథాన్‌లో 2018లో గైడో వాన్ రోసమ్ తుది నిర్ణేత స్థానం నుంచి వైదొలగగా, 2019 నుంచి ఎన్నికైన ఐదుగురి మండలి ఆ బాధ్యత వహిస్తున్నది. గణాంకాలు తప్పకూడని చోట తాళం కొద్దిమంది నిపుణుల చేతిలో ఉండటాన్ని నేను తప్పుపట్టను. అది ఎవరి చేతిలో ఉన్నదో, ఏ నియమంతో తెరుస్తారో తెలియాలి.

గద్వాల పత్తి విత్తన క్షేత్రాలు చూసినవారికి ఈ తేడా సులువుగా బోధపడుతుంది. సాయంత్రం మొగ్గలలోని కేసరాలు తొలగించి, మరునాడు ఉదయం పుప్పొడి అద్ది, కూలీలను పెట్టి వారాల తరబడి క్రాసింగ్ చేయించేది రైతు. జనక విత్తనం కంపెనీది. ఆర్గనైజరు ద్వారా వస్తుంది. చివరకు జన్యు స్వచ్ఛత పరీక్షలో విత్తనం ‘ఫెయిల్’ అయినదన్న మాట కూడా తరచుగా ఆర్గనైజరు నోటనే వినవలసి వస్తుంది. పరీక్ష అనవసరమని ఎవరూ అనరు. దానిని ఎక్కడ, ఎవరు, ఏ ప్రమాణంతో చేశారో తెలియకపోవడమే రైతును కలచివేస్తుంది. స్వచ్ఛందంగా రాసి పంపిన కోడ్ కారణం చెప్పకుండా తిరస్కృతమైతే విద్యార్థికి కలిగే అనుమానం ఈ కోవలోనిదే. నష్టం మాత్రం పోల్చదగినది కాదు. విద్యార్థి ఉత్సాహం పోగొట్టుకొంటాడు, రైతు ఏడాది పెట్టుబడి పోగొట్టుకొంటాడు.

నచ్చకపోతే ప్రతిని తీసుకొని వేరు కుంపటి పెట్టుకోవచ్చునన్నది ఓపెన్ సోర్స్ పక్షాన వినిపించే వాదన. సూత్రరీత్యా నిజమే, గద్వాల రైతుకు ఆ వెసులుబాటు కూడా లేదు. కానీ పాలెం పరిశోధన స్థానంలోనో, వనపర్తిలోని ఒక విస్తరణ అధికారి చేతిలోనో ఆ కుంపటి ఎన్నాళ్లు వెలుగుతుంది? ఏటేటా దోషాలు సవరించే మనుషులు లేకపోతే అది త్వరలోనే మూలన పడుతుంది.

కనుక ఎరువుల మోతాదు, నీటి తడుల సలహాలకు మన సంస్థలు సాఫ్ట్‌వేర్ రూపొందించి ఓపెన్ సోర్స్ అని ప్రకటించే ముందు, కోడ్‌తో పాటు ఒక పుట ప్రచురించాలి. నాగర్‌కర్నూల్ ఎర్ర చెల్కలలో యాసంగి వేరుశనగకు తడుల వ్యవధి మార్చాలని అక్కడి శాస్త్రవేత్త సూచిస్తే, దానిని ఎవరు చదువుతారు? ఎన్ని రోజులలో జవాబిస్తారు? తిరస్కరిస్తే కారణం ఎక్కడ నమోదు చేస్తారు? ఆ పుట తెలుగులో ఉండాలి, సూచనలను తెలుగులోనే స్వీకరించాలి. బాధ్యుడు బదిలీ అయినప్పుడు తాళం ఎవరికి అప్పగించాలో కూడా అందులోనే రాయాలి. మన దగ్గర బదిలీలకు కొదువ లేదు.