కాజీపేట రైల్వే తయారీ కర్మాగారం

కాజీపేట రైల్వే తయారీ కర్మాగారం తెలంగాణ రాష్ట్రం, హనుమకొండ జిల్లాలో కాజీపేట సమీపాన అయోధ్యాపురం వద్ద భారతీయ రైల్వేలు నిర్మాణం చేపట్టిన ప్రభుత్వ కర్మాగారం. దీనికి 2023 జూలై 8న ప్రధానమంత్రి నరేంద్ర మోడీ వరంగల్‌లో శంకుస్థాపన చేశాడు. వ్యాగన్ల మరమ్మతు కేంద్రంగా మంజూరైన ఈ పథకం తరువాత వ్యాగన్ల తయారీ కర్మాగారంగా, ఆపై ప్రయాణికుల పెట్టెలను కూడా తయారుచేసే కర్మాగారంగా రూపు మార్చుకున్నది. తెలుగు ప్రాంతంలో ప్రభుత్వ రంగాన రైలు పెట్టెల కర్మాగారం ఉండాలన్న కోరిక దాదాపు నాలుగు దశాబ్దాల నాటిది. అది ఎందుకు ఆలస్యమైనది, కర్మాగారం వచ్చినంత మాత్రాన ఆశించిన ఫలితం దక్కుతుందా అన్న ప్రశ్నలకు, పాత కర్మాగారాల ఎదుగుదలతో పోల్చి చూస్తేనే సమాధానం దొరుకుతుంది.

కొన్ని పదాల వివరణ

ప్రయాణికులు కూర్చొనే వాహనాన్ని పెట్టె లేదా కోచ్ అంటారు. సరుకు మోసే వాహనాన్ని వ్యాగను అంటారు. వాడుకలో పెట్టెను బోగీ అనటం కూడా ఉన్నది. అయితే ఇంజనీర్ల పరిభాషలో బోగీ అనగా పెట్టె అడుగున చక్రాలను, ఇరుసులను, స్ప్రింగులను కలిపి బిగించిన చట్రం మాత్రమే.

మరమ్మతు కేంద్రానికి, తయారీ కర్మాగారానికి చాలా తేడా ఉన్నది. పెట్టెలను, వ్యాగన్లను నిర్ణీత కాలానికి ఒకసారి విప్పి, అరిగిన భాగాలు మార్చి, రంగులు వేసి పంపటం మరమ్మతు కేంద్రం పని. సికింద్రాబాదు లాలాగూడ, తిరుపతి, విజయవాడ సమీపంలోని రాయనపాడు వర్క్‌షాపులు ఈ కోవకు చెందినవి. తయారీ కర్మాగారంలో ఉక్కు రేకు నుండి కొత్త వాహనం పుడుతుంది. దానికి రూపకల్పన విభాగం, అచ్చులు, పరీక్షాశాలలు, విడిభాగాలు సరఫరా చేసే అనేక చిన్న పరిశ్రమలు అవసరమవుతాయి. అందుచేతనే ఒక ప్రాంతంపై తయారీ కర్మాగారం ప్రభావం ఎక్కువ.

పెరంబూరు, కపుర్తలా, రాయబరేలీ కర్మాగారాలు కంపెనీలు కావు. అవి రైల్వే మంత్రిత్వ శాఖకు చెందిన ఉత్పత్తి విభాగాలు. రక్షణ మంత్రిత్వ శాఖ కింద ఉన్న బెంగుళూరులోని బి.ఇ.ఎం.ఎల్. మాత్రం ప్రభుత్వ రంగ కంపెనీ. రెంటిలోనూ యాజమాన్యం ప్రభుత్వానిదే. అయితే ఉత్పత్తి విభాగం తన శాఖ అవసరాల కోసం పనిచేస్తుంది. కంపెనీ మాత్రం పోటీలో పని సంపాదించుకోవాలి.

కాజీపేట ప్రాధాన్యత

కాజీపేట జంక్షన్ వద్ద సికింద్రాబాదు, విజయవాడ, బల్లార్షా వైపు మార్గాలు కలుస్తాయి. 1929లో కాజీపేట - బల్లార్షా మార్గం పూర్తి కావటంతో ఢిల్లీ, మద్రాసు నగరాల మధ్య నేరు దారి ఏర్పడింది. ఇక్కడ డీజిలు, విద్యుత్ ఇంజన్ల షెడ్లు ఉన్నాయి. సింగరేణి బొగ్గు గనులు ఈ మార్గాలను ఆనుకొని ఉన్నాయి. ఈ కారణాలన్నిటి వలన రైలు వాహనాల తయారీకి కాజీపేట అనువైన స్థలమని చాలాకాలంగా వాదిస్తూ వచ్చారు.

సుదీర్ఘ నిరీక్షణ

దేశంలో రెండవ పెట్టెల కర్మాగారం నెలకొల్పాలన్న ఆలోచన 1980వ దశకం తొలి సంవత్సరాలలో బలపడింది. అది కాజీపేటకు రావలసి ఉండగా పంజాబుకు తరలిపోయినదని వరంగల్ ప్రాంతంలో విస్తృతంగా చెప్పుకుంటారు. 1984 అక్టోబరులో ఇందిరా గాంధీ హత్యకు గురైంది. 1985 జూలైలో పంజాబు సమస్యపై రాజీవ్ - లోంగోవాల్ ఒప్పందం కుదిరింది. మరుసటి నెల, ఆగస్టు 17న కపుర్తలాలో కోచ్ ఫ్యాక్టరీకి రాజీవ్ గాంధీ శంకుస్థాపన చేశాడు. 1988లో అక్కడి నుండి మొదటి పెట్టె వెలువడింది. పెద్ద కర్మాగారం ఎక్కడ రావాలన్నది సాంకేతిక సౌలభ్యాన్ని బట్టి మాత్రమే కాక, ఆనాటి రాజకీయ అవసరాన్ని బట్టి కూడా నిర్ణయమవుతుందనటానికి కపుర్తలా ఒక ఉదాహరణ. మూడవ కర్మాగారం 2012లో ఉత్తర ప్రదేశ్‌లోని రాయబరేలీ వద్ద ప్రారంభమైంది.

2014 నాటి ఆంధ్ర ప్రదేశ్ పునర్విభజన చట్టం 13వ షెడ్యూలులో ఈ విషయం చోటు చేసుకున్నది. తెలంగాణలో కోచ్ ఫ్యాక్టరీ స్థాపనకు గల అవకాశాలను భారతీయ రైల్వేలు ఆరు నెలలలోగా పరిశీలించి, సత్వరమే నిర్ణయం తీసుకోవాలని అందులో ఉన్నది. ఇక్కడ భాషను జాగ్రత్తగా గమనించాలి. చట్టం చెప్పినది పరిశీలించమని మాత్రమే. నిర్మించి తీరాలని చెప్పలేదు. ఉన్న కర్మాగారాల సామర్థ్యం సరిపోతుందని, కొత్తది అవసరం లేదని కేంద్ర ప్రభుత్వం ఆ తరువాత సమాధానమిచ్చింది. ఇదే కాలంలో, 2018లో, మహారాష్ట్రలోని లాతూరులో కొత్త కోచ్ ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరగటంతో తెలంగాణలో విమర్శలు తీవ్రమయ్యాయి.

కోచ్ ఫ్యాక్టరీకి బదులుగా 2016లో కాజీపేటకు సుమారు 383 కోట్ల రూపాయల అంచనాతో వ్యాగన్ల మరమ్మతు కేంద్రం మంజూరయింది. ఎంచుకున్న స్థలంలో దేవాలయ భూమి ఉండటం వలన దాని బదలాయింపుకు కొన్ని సంవత్సరాలు పట్టింది. 2023లో పథకం స్థాయి పెంచి, సుమారు 521 కోట్ల రూపాయలతో వ్యాగన్ల తయారీ కర్మాగారంగా మార్చారు. మొదటి సంవత్సరం 1,200, రెండవ సంవత్సరం నుండి 2,400 వ్యాగన్లు తయారు చేయాలన్నది అప్పటి ప్రణాళిక. నిర్మాణ బాధ్యతను రైల్వేలకే చెందిన రైల్ వికాస్ నిగమ్ లిమిటెడ్ చేపట్టింది. 2024లో ప్రయాణికుల పెట్టెల తయారీని కూడా ఇందులో చేర్చాలని రైల్వే బోర్డు నిర్ణయించింది. 2025 జూలైలో రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్, కేంద్ర మంత్రి జి. కిషన్ రెడ్డి పనులను పరిశీలించారు. 2026లో ఉత్పత్తి మొదలుపెట్టాలన్నది అప్పుడు ప్రకటించిన లక్ష్యం.

పెరంబూరు ఎదిగిన తీరు

కాజీపేట భవిష్యత్తును అంచనా వేయటానికి మద్రాసులోని పెరంబూరు ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ చరిత్ర ఉపయోగపడుతుంది. దీనిని 1955 అక్టోబరు 2న జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించాడు. స్విట్జర్లాండుకు చెందిన స్విస్ కార్ అండ్ ఎలివేటర్ సంస్థ సాంకేతిక సహకారం అందించింది. మొదట్లో ఇక్కడ పెట్టె యొక్క ఉక్కు డొల్ల మాత్రమే తయారయ్యేది. లోపలి బల్లలు, కిటికీలు, దీపాలు, పంకాలు అమర్చే పని వేరే వర్క్‌షాపులలో జరిగేది. 1962 అక్టోబరు 2న అమరిక విభాగం ప్రారంభమైన తరువాతనే పూర్తి పెట్టె ఇక్కడి నుండి వెలువడటం మొదలయింది. అనగా, డొల్ల నుండి పూర్తి పెట్టెకు చేరటానికే ఏడు సంవత్సరాలు పట్టింది.

ఆ తరువాత పెరంబూరు విద్యుత్ లోకల్ రైళ్ళు, మెము రైళ్ళు, శీతలీకరించిన పెట్టెలు తయారుచేసింది. థాయిలాండ్, తైవాన్, ఫిలిప్పీన్స్, టాంజానియా, శ్రీలంక మొదలైన దేశాలకు ఎగుమతి చేసింది. జర్మనీకి చెందిన లింక్ హాఫ్‌మన్ బుష్ నమూనా పెట్టెలు ప్రమాద సమయంలో ఒకదానిపైకి ఒకటి ఎక్కకుండా నిలబడగలవు కనుక, రైల్వేలు క్రమంగా వాటివైపు మొగ్గినాయి. 2018 జనవరిలో పెరంబూరు తన పాత నమూనాలోని చివరి పెట్టెను సాగనంపింది. అదే సంవత్సరం స్వంత రూపకల్పనతో ట్రెయిన్-18 ను తయారుచేసింది. ఇదే వందే భారత్ ఎక్స్‌ప్రెస్ పేరుతో 2019 ఫిబ్రవరి 15న ఢిల్లీ, వారణాసి మధ్య మొదలయింది. దానికి చక్రాలను తిప్పే విద్యుత్ చోదక వ్యవస్థను సమకూర్చినది హైదరాబాదుకు చెందిన మేధా సర్వో డ్రైవ్స్ అనే ప్రైవేటు సంస్థ.

2024-25 ఆర్థిక సంవత్సరంలో మూడు ప్రభుత్వ కర్మాగారాల ఉత్పత్తి ఈ విధంగా ఉన్నది:

పెరంబూరు - 3,007 పెట్టెలు
కపుర్తలా - 2,102 పెట్టెలు
రాయబరేలీ - 2,025 పెట్టెలు
మొత్తం - 7,134 పెట్టెలు

పెరంబూరు ఎదుగుదలకు మూడు కారణాలు కనిపిస్తాయి. మొదటిది, రైల్వేల నుండి ఏటా తప్పకుండా వచ్చే పని. రెండవది, అప్రెంటిసులను చేర్చుకొని నిపుణులుగా తీర్చిదిద్దే శిక్షణ. మూడవది, విదేశీ నమూనాను నేర్చుకొని క్రమంగా స్వంత నమూనా గీసుకోగల రూపకల్పన విభాగం. వీటిలో ఏదీ ఒక శంకుస్థాపనతో వచ్చినది కాదు.

మారిన ప్రభుత్వ పాత్ర

కాజీపేట కర్మాగారం వస్తున్న కాలం పెరంబూరు కాలం వంటిది కాదు. 1955లో స్థలం, యంత్రాలు, కార్మికులు, పని అన్నీ ప్రభుత్వానివే. ఇటీవలి కర్మాగారాలలో స్థలం, షెడ్డు ప్రభుత్వానివి కాగా, లోపలి తయారీ బాధ్యత ఇతరులకు ఇవ్వటం కనిపిస్తున్నది. గుజరాత్‌లోని దాహోద్‌లో రైల్వే ఇంజన్ల తయారీ బాధ్యత జర్మనీకి చెందిన సీమెన్స్ సంస్థది. లాతూరులో వందే భారత్ స్లీపర్ రైళ్ళ తయారీని రష్యాకు చెందిన ట్రాన్స్‌మాష్‌హోల్డింగ్, రైల్ వికాస్ నిగమ్‌ల ఉమ్మడి సంస్థకు అప్పగించారు. ఈ పద్ధతిలో కొత్త సాంకేతికత త్వరగా వస్తుంది. ప్రభుత్వ పెట్టుబడి తగ్గుతుంది. అయితే శాశ్వత ఉద్యోగాల సంఖ్య, రూపకల్పన జ్ఞానం ఎవరి వద్ద మిగులుతుందన్నది ఒప్పందంలోని షరతులపై ఆధారపడుతుంది.

తెలంగాణలో ప్రైవేటు పెట్టెల కర్మాగారం ప్రభుత్వ కర్మాగారం కంటే ముందే వచ్చింది. రంగారెడ్డి జిల్లా కొండకల్ వద్ద మేధా సంస్థ నెలకొల్పిన కర్మాగారాన్ని 2023 జూన్‌లో అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు ప్రారంభించాడు. కాజీపేటకు ఇది పోటీ కావచ్చు, విడిభాగాలు అందించే తోడు కూడా కావచ్చు.

ప్రభుత్వ యాజమాన్యం ఒక్కటే రక్ష కాదని తెలియజేసే ఉదాహరణ పశ్చిమ బెంగాల్‌లో ఉన్నది. వ్యాగన్ల తయారీలో పేరు పొందిన బర్న్ స్టాండర్డ్ కంపెనీని 2010లో రైల్వే మంత్రిత్వ శాఖ తన కిందికి తీసుకున్నది. అయినా నష్టాలు తీరకపోవటంతో 2018లో దాని మూసివేతకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. వ్యాగన్ల తయారీలో ప్రైవేటు సంస్థలు బలంగా ఉన్నాయి. టెండర్లలో వాటి ధరలతో పోల్చినప్పుడు ప్రభుత్వ కర్మాగారం నిలదొక్కుకోవాలంటే పని నిరంతరంగా ఉండాలి, ఖర్చు అదుపులో ఉండాలి. కాజీపేట పథకానికి వ్యాగన్లతో పాటు పెట్టెలను చేర్చటం ఈ దృష్ట్యా ముఖ్యమైన మార్పు. ఒక రకం వాహనానికి గిరాకీ తగ్గినా మరొక రకంతో యంత్రాలకు పని దొరుకుతుంది.

గోదావరి జిల్లాలతో సంబంధం

కర్మాగారం కాజీపేటలో ఉన్నా, దాని ఉత్పత్తుల అవసరం దిగువన గోదావరి డెల్టా వరకు ఉన్నది. డెల్టా నుండి బియ్యం మూసివున్న వ్యాగన్లలో బయటి రాష్ట్రాలకు వెళుతుంది. సింగరేణి బొగ్గు పైకప్పు లేని వ్యాగన్లలో విద్యుత్ కేంద్రాలకు చేరుతుంది. కోతల తరువాత వ్యాగన్ల కొరత వస్తే గోదాములలో సరుకు నిలిచిపోతుంది.

ప్రయాణికుల విషయమూ ఇంతే. పట్టిసీమలో రైలు స్టేషను లేదు. శివరాత్రికి వీరభద్రస్వామి దర్శనానికి రైలులో వచ్చేవారు కొవ్వూరులోగాని రాజమండ్రిలోగాని దిగి, అక్కడి నుండి రోడ్డు దారిన వెళ్ళి, రేవులో పడవ ఎక్కుతారు. 1900లో హేవలాక్ వంతెన ప్రారంభమైన నాటి నుండి ఈ జిల్లాల ప్రజలు ఎక్కిన రైలు పెట్టెలు బయటి ప్రాంతాలలో తయారైనవే. పెట్టె చివరి గోడపై ఉండే తయారీ ఫలకాన్ని చూసినవారికి పెరంబూరు, కపుర్తలా పేర్లు పరిచితమే. 2023 జనవరి 15న సికింద్రాబాదు, విశాఖపట్నం మధ్య మొదలై రాజమండ్రిలో ఆగుతున్న వందే భారత్ రైలు కూడా పెరంబూరు సంతానమే.

ఫలితం దేనిపై ఆధారపడుతుంది

కాజీపేట విషయంలో ప్రజల దృష్టి ఇంతవరకు కర్మాగారం వస్తుందా రాదా అన్న ప్రశ్నపైనే నిలిచినది. ఇకపై చూడవలసినవి వేరు. వాటిలో ముఖ్యమైనవి ఇవి:

ఏటా ఎన్ని వ్యాగన్లు, ఎన్ని పెట్టెలు తయారు చేయాలో రైల్వే బోర్డు ముందుగానే నిర్ణయించి పని కేటాయించాలి.

కర్మాగారాన్ని రైల్వేలే నడుపుతాయా, ఒప్పందంపై మరొకరికి అప్పగిస్తాయా అన్నది ఉద్యోగాల స్వభావాన్ని నిర్ణయిస్తుంది.

రైల్వే ఉద్యోగాలకు నియామకాలు దేశవ్యాప్త పోటీ ద్వారా జరుగుతాయి. కనుక కర్మాగారం పక్కన ఉన్నంత మాత్రాన స్థానికులకు ఉద్యోగాలు రావు. వరంగల్ ప్రాంతంలోని ఐ.టి.ఐ.లు, పాలిటెక్నిక్‌లు వెల్డింగు, ఫిట్టింగు, విద్యుత్ పనులలో అవసరమైన శిక్షణ ఇస్తేనే ఆ అవకాశం పెరుగుతుంది.

విడిభాగాలు సరఫరా చేసే చిన్న పరిశ్రమలు చుట్టుపక్కల నెలకొనాలి. అవి లేకపోతే బయటి నుండి వచ్చిన భాగాలను బిగించి పంపే కేంద్రంగా మాత్రమే కర్మాగారం మిగులుతుంది.

స్వంత రూపకల్పన విభాగం ఉన్నదా లేదా అన్నది దీర్ఘకాలంలో అన్నిటికంటే ముఖ్యం. ఉక్కు డొల్లతో మొదలైన పెరంబూరు వందే భారత్ వరకు చేరటానికి అరవై సంవత్సరాలకు పైగా పట్టింది. ఆ దారిలో దానిని నడిపించినది అక్కడ గీతలు గీసినవారు, వెల్డింగు చేసినవారు తరతరాలుగా ఒకరికొకరు అందించుకున్న పనితనం. కాజీపేటలో అటువంటి పనితనం స్థిరపడితేనే నాలుగు దశాబ్దాల నిరీక్షణకు తగిన ఫలితం దక్కుతుంది.