రెక్కల తిరునాళ్ళు

విమానమనగానే సామాన్యునికి స్ఫురించేది వందలాది ప్రయాణికులను మోసుకొని మేఘాలకు పైన సాగిపోయే బృహద్యంత్రం. టికెట్టు కొన్నవానికి అందులో చేయవలసిన పనేమీ లేదు, కూర్చోవడమే. కాని విమానాలలో మరొక జాతి ఉంది. ఇద్దరు మాత్రమే పట్టే, ఒకే ఇంజను గల, చక్రాలు లోపలికి ముడుచుకోని చిన్న విమానాల జాతి అది. వీటిని లైట్ స్పోర్ట్ విమానాలంటారు. అమెరికా కేంద్ర విమానయాన సంస్థ 2004లో వీటిని ప్రత్యేక వర్గంగా గుర్తించి హద్దులు గీసింది. నేల నుంచి లేచే విమానం మొత్తం బరువు 600 కిలోలు మించరాదన్నది నాటి హద్దు. సమతలంగా ఎగిరేటప్పుడు వేగం 120 నాట్లు, అనగా గంటకు సుమారు 222 కిలోమీటర్లు, దాటరాదన్నది మరొక హద్దు. వీటిని నడపడానికి కనీస శిక్షణ 20 గంటలు. సాధారణ ప్రైవేటు పైలట్‌కు విధించిన దానిలో ఇది సగం. కారు నడిపే లైసెన్సు ఉంటే సాధారణంగా ప్రత్యేక వైద్య ధ్రువపత్రం కూడా అక్కరలేదు.

భారతదేశంలో ఇంతకంటె తేలికైన మైక్రోలైట్ విమానాలలో ఎన్.సి.సి. వైమానిక విభాగపు విద్యార్థులు కొందరు ఎగిరిన అనుభవం పొందుతూనే ఉన్నారు. అయితే సొంత విమానాలలో జనం గుమిగూడే ఉత్సవాన్ని చూడాలంటే మాత్రం అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రానికి, ఆష్‌కాష్ అనే చిన్న పట్టణానికి వెళ్ళవలసిందే.

పాల్ పోబెరెజ్నీ అనే వైమానికుడు 1953లో మిల్వాకీ నగరంలో కొందరు మిత్రులతో కలిసి ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్‌ను స్థాపించాడు. ఇంటివద్ద చేతులారా విమానాలు కట్టుకొనేవారి సంఘమది. ఆ ఏడే మొదటి సమావేశం జరిగింది. కొన్నేళ్ళు మిల్వాకీలోను, తరువాత 1959 నుంచి ఇల్లినాయ్ రాష్ట్రంలోని రాక్‌ఫర్డ్‌లోను సాగి, 1970లో ఆ ఉత్సవం ఆష్‌కాష్‌కు చేరి స్థిరపడింది. నేడు ప్రతి జూలై నెలాఖరులో ఆ పట్టణానికి, దాని చుట్టుపక్కల విమానాశ్రయాలకు సుమారు 10,000 విమానాలు వస్తాయి. ఆ వారం రోజులు ఆష్‌కాష్ కంట్రోల్ టవర్ ప్రపంచంలోనే అత్యంత రద్దీ గలది. వచ్చినవారిలో వేలమంది తమ విమానపు రెక్క కిందనే గుడారం వేసుకొని నిద్రిస్తారు. తిరునాళ్ళకు బండి కట్టుకొని పోయి, ఆ బండి కిందనే వండుకొని పడుకొన్న పాతకాలపు రైతుకు ఈ దృశ్యం కొత్తగా తోచదు.

ఈ తిరునాళ్ళకు చేరే విధానం మాత్రం శ్రద్ధగా తెలుసుకోదగినది. నైరుతి దిశలో రిపన్ అనే ఊరుంది. వచ్చే విమానాలు చాలావరకు అక్కడికి చేరి, ఒక రైలుపట్టాల వెంట, ఒకదాని వెనుక ఒకటిగా, అరమైలు ఎడంతో సాగాలి. సముద్రమట్టానికి 1,800 అడుగుల ఎత్తు, 90 నాట్ల వేగం నిర్ణీతం. అంత నెమ్మదిగా నిలకడతో ఎగరలేని వాటికి 2,300 అడుగుల ఎత్తులో 135 నాట్ల మార్గం వేరుగా ఉంది. పట్టాలు ఫిస్క్ అనే పల్లెను చేరేచోట నేలమీద నిలిచి, దుర్భిణులు చేతబట్టిన నియంత్రణాధికారులు ఆకాశంలోకి చూస్తుంటారు. వారు విమానాన్ని దాని సంఖ్యతో పిలవరు. రంగును, ఆకారాన్ని బట్టి పిలుస్తారు. తెల్లని విమానమా, రెక్కలు పైనున్నదా, అయితే రెక్కలాడించు అంటారు. చోదకుడు నోటితో బదులు చెప్పరాదు. రెక్కలు అటూ ఇటూ ఊపడమే ప్రత్యుత్తరం. వందలమంది ఒకే ధ్వనిమార్గంలో మాట్లాడబూనితే ఎవరి మాటా ఎవరికీ వినిపించదు కదా! ఆపైన ఏ రన్‌వేపై దిగాలో చెబుతారు. రన్‌వేపైన రంగురంగుల చుక్కలు వేసి ఉంటాయి. ఒకరిని ఒక చుక్కపైన, వెనుకవచ్చేవారిని మరొక చుక్కపైన దింపుతారు. మొదటి విమానం పక్కకు తొలగకముందే రెండవది నేలను తాకుతుంది. దిగిన వెంటనే జెండాలు పట్టుకొన్న స్వచ్ఛంద సేవకులు పచ్చికలోకి దారి చూపుతారు.

ఈ నియమావళిలో అందరి దృష్టీ రంగుచుక్కల మీద పడుతుంది. నిజానికి అన్నిటికంటె విలువైన నియమం మరొకటి ఉంది. ముందున్న విమానాన్ని దాటిపోరాదు. మరీ దగ్గరైతే ఎడం పెంచుకోవడానికి అటూ ఇటూ మెలికలు తిరుగరాదు. వరుసలో ఇమడలేకపోతే దానిని విడిచి, తిరిగి రిపన్‌కు పోయి, మొదటినుంచి మొదలుపెట్టాలి. అంటే వెనుకకు మరలడం అక్కడ ఓటమి కాదు, ప్రయాణ విధానంలోనే ఒక భాగం. 2018లో వాతావరణం అనుకూలించక ఆగిపోయిన విమానాలన్నీ ఒక్కుమ్మడిగా వచ్చిపడినప్పుడు, ఆకాశంలో వేచి ఉండవలసిన వలయాలు కిక్కిరిసిపోయాయి. ఆ అనుభవంతో తరువాతి సంవత్సరాలలో రిపన్‌కు ముందే మరికొన్ని మజిలీలను నిర్ణయించారు. క్యూను పొడిగించారే గాని, క్యూలో తోసుకొనే అవకాశాన్ని ఎవరికీ ఇవ్వలేదు. వేయిమంది స్వతంత్రులు, అందరూ తమ యంత్రానికి తామే అధిపతులైనవారు, ఇట్లా నోరు మెదపక ఒక రైలుపట్టాల వెంట బారులు తీరడం చిన్న విషయం కాదు. బస్సు ఆగకముందే ఎక్కబోయే జనాన్ని ఎరిగినవారికి దీని విలువ మరింత బాగా బోధపడుతుంది.

అయితే ఈ క్రమశిక్షణ అంతా చివరి కొన్ని మైళ్ళలోనిది. అక్కడ అధికారులున్నారు, జెండాలున్నాయి, చూచే కళ్ళున్నాయి. దానికి ముందున్న వందల మైళ్ళలోను, తిరుగు ప్రయాణంలోను చోదకుడు ఒంటరి. అతడి అసలు పరీక్ష అక్కడనే.

ముందు బరువు సంగతి చూడాలి. 2004 నాటి హద్దుకు లోబడి కట్టిన విమానం ఖాళీగా 350 కిలోలు తూగుతుందనుకొందాం. మిగిలినది 250 కిలోలు. 80 కిలోల చొప్పున ఇద్దరు మనుషులు కూర్చొంటే మిగిలేది 90. పెట్రోలు లీటరుకు సుమారు 0.72 కిలోలు తూగుతుంది కనుక, 100 లీటర్లు నింపితే 72 కిలోలు పోతాయి. ఇక గుడారానికి, పక్కబట్టలకు, వంటసామానుకు మిగిలేది 18 కిలోలే. తిరునాళ్ళకు పోయినవాడు ఉత్తచేతులతో రాడు. పనిముట్టో, పుస్తకమో, పిల్లలకు బొమ్మో కొంటాడు. అందుచేత తిరుగు ప్రయాణంలో మూట పెరుగుతుంది, ఇంధనం తగ్గించుకోవలసి వస్తుంది. పైగా అది జూలై నెల. వేడిగాలి పలుచగా ఉండి రెక్కకు పట్టునివ్వదు. అదే బరువుతో లేవడానికి ఎక్కువ దూరం పరుగెత్తాలి.

తరువాత గాలి. 100 నాట్ల వేగంతో పోయే విమానానికి 300 నాటికల్ మైళ్ళ దూరం 3 గంటల ప్రయాణం. ఎదురుగాలి 30 నాట్ల వేగంతో వీస్తే నేలమీద దాని వేగం 70 నాట్లే. ప్రయాణం 4 గంటల 17 నిమిషాలవుతుంది. పెద్ద విమానానికి ఆ గాలి లెక్కలోనిది కాదు. చిన్నవానికి అది మధ్యలో ఎక్కడో దిగి ఇంధనం పోసుకోవలసిన అగత్యం. ఆ అక్షాంశాలలో గాలి తరచు పడమటి నుంచి వీస్తుంది. అందువల్ల తూర్పు రాష్ట్రాలనుంచి వచ్చేవారికి పోయేటప్పుడు ఎదురైన గాలి వచ్చేటప్పుడు వెన్నుతట్టవచ్చు. పడమటివారికి దీనికి విపర్యయం. వచ్చిన లెక్కతోనే తిరిగి పోగలమనుకోవడం భ్రమ.

బరువు, గాలి లెక్కలకు లొంగుతాయి. లొంగనిది మనసు. పోయేటప్పుడు ఉత్సాహం ఉంటుంది గాని, ఒకరోజు ఆలస్యమైతే మునిగిపోయేదేమీ లేదు. ఉత్సవం వారంరోజులది. తిరిగి వచ్చేటప్పుడు సోమవారం ఉదయం ఆఫీసుంటుంది, ఇంట్లో ఎదురుచూచేవారుంటారు, వారం రోజులు గుడారంలో చాలీచాలని నిద్రతో గడిపిన అలసట ఉంటుంది. ఎదుట మేఘం దట్టమవుతున్నా, ఇల్లు ఇంకా 50 మైళ్ళే కదా అనిపిస్తుంది. గమ్యం దగ్గరపడుతున్నకొద్దీ వెనుకకు తిరగడం కష్టమవుతుంది. ఉత్సవాన్ని గురించి చెప్పుకొనేవారందరూ రాకను వర్ణిస్తారు. పోకను గురించి రాసేవారు తక్కువ. ఇది సరిదిద్దుకోవలసిన అలవాటు.

ఈ ప్రమాదం ఎంత వేగంగా ముంచుకొస్తుందో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో 1954లో జరిగిన ఒక ప్రయోగం చూపింది. పరికరాలను మాత్రమే చూస్తూ ఎగిరే శిక్షణ లేని 20 మందిని, బయటి దృశ్యం కనపడకుండా చేసి, విమానం నడపమన్నారు. పక్కన శిక్షకుడున్నాడు కనుక ప్రాణాపాయం లేదు. 20 మందీ అదుపు తప్పారు. అందుకు పట్టిన సగటు సమయం 178 సెకన్లు, అనగా 3 నిమిషాలైనా కాదు. దీనికి కారణం అసమర్థత కాదు. మనిషికి తాను నిటారుగా ఉన్నానో, వాలి ఉన్నానో తెలిపేది కన్ను, చెవి లోపలి ద్రవం. మేఘంలో కన్నుకు ఆధారం పోతుంది. నెమ్మదిగా తిరిగే మలుపును చెవి గుర్తించదు. విమానం ఒకవైపు ఒరిగి సుడి తిరుగుతూ దిగుతున్నా, కూర్చొన్నవాడికి తిన్నగా పోతున్నట్లే ఉంటుంది. ఆ పరిశోధకులు రూపొందించిన శిక్షణకు కీలకం కూడా సామాన్యమైనదే: కొద్దిపాటి పరికరాల సాయంతో 180 డిగ్రీలు తిరిగి, వచ్చిన దారినే వెలుతురులోకి పోవడం.

వాల్మీకి రామాయణంలో సంపాతి తన కథను వానరులకు చెబుతాడు. అన్నదమ్ములిద్దరూ పందెం కట్టి సూర్యుని వైపు ఎగిరారు. జటాయువు వేడికి సొమ్మసిల్లగా, అన్న తన రెక్కలు కప్పి కాపాడి, ఆ రెక్కలను కాల్చుకొని వింధ్య పర్వతం మీద పడ్డాడు. అన్న త్యాగాన్ని మెచ్చుకోవడం న్యాయమే. కాని వారిద్దరిలో ఎవరికీ బలం తక్కువై ఆ ఆపద రాలేదు. ఒకరినొకరు చూచుకొంటూ పైకి పోతున్నప్పుడు ముందుగా చాలుననగలిగినవారు లేకపోయారు. గుంపుగా ఎగిరేవారికి నేటికీ పొంచి ఉన్న చిక్కిదే. తోటివాడు సాగిపోతున్నాడు గనుక తానూ పోవచ్చునని ప్రతివాడూ అనుకొంటాడు. తోటివాడి విమానం వేరు, అనుభవం వేరు, ట్యాంకులో మిగిలిన ఇంధనం వేరు.

ఇన్ని చిక్కులున్నప్పుడు 20 గంటల శిక్షణతో, వైద్యపరీక్ష లేకుండా మనుషులను ఆకాశంలోకి పంపడం ప్రభుత్వపు అలసత్వమని కొందరి ఆక్షేపణ. ఈ ఆక్షేపణలో కొంత నిజం లేకపోలేదు. 20 గంటలు కనీసమే గాని, చాలినంత కాదు. అయితే 2004 నాటి నిబంధనలు వారిని విచ్చలవిడిగా వదలలేదు. పగటిపూట, నేల కనిపిస్తుండగా, కనీసం 3 మైళ్ళ మేర చూపు ఆనినప్పుడే ఎగరాలని కట్టడి చేశాయి. ఒంట్లో బాగులేదని తనకే తెలిసినప్పుడు, ధ్రువపత్రం అక్కరలేనివాడైనా విమానం నడపరాదన్నది చట్టమే. 2025 జూలైలో ఆష్‌కాష్ ఉత్సవంలోనే ప్రకటించిన కొత్త నిబంధనలు బరువు హద్దును తొలగించాయి; కొన్ని షరతులకు లోబడి, అదనపు శిక్షణ పొందినవారికి రాత్రి ప్రయాణాన్ని కూడా అనుమతించాయి. అధికారి చేతిలో ఉన్న నిర్ణయం ఇట్లా క్రమంగా చోదకుని చేతికి వస్తున్నది. దీనిని సౌకర్యంగా మాత్రమే చూచేవారు సగమే చూచినట్లు. కాగితం మీది నియమం సడలినప్పుడు ఆ మేరకు బరువు మనిషి వివేకం మీద పడుతుంది. ఆ వివేకాన్ని పరీక్షించే అధికారి ఏ మేఘం దగ్గరా నిలిచి ఉండడు.

ఉత్సవాలను తప్పుపట్టడం కూడా ఉచితం కాదు. మనుషులు కలుసుకోవడానికి, ఒకరి పనితనం ఒకరు చూచుకోవడానికి తిరునాళ్ళు కావాలి. మార్చవలసినది తేదీ పట్ల ఉన్న మోహం. కోవిడ్ కారణంగా 2020లో ఆష్‌కాష్ ఉత్సవం రద్దయింది. 2021లో మళ్ళీ జరిగింది, జనం మళ్ళీ వచ్చారు. ఒక సంవత్సరమే ఆగగలిగినప్పుడు ఒక విమానం ఒక పూట ఆగడానికి అభ్యంతరమేముంటుంది?

ఆగడానికి వసతి కూడా ఉంది. అమెరికాలో చిన్న పట్టణాలకు సైతం విమానాశ్రయాలున్నాయి. చాలాచోట్ల దారినపోయే చోదకులకు ఊళ్ళోకి పోయి భోంచేసి రావడానికి ఒక పాత కారును ఉచితంగా ఇస్తారు. అక్కడ విమానాన్ని తాళ్ళతో నేలకు బిగించి, ఇంటికి ఫోను చేసి, రేపు వస్తామని చెప్పవచ్చు. వాతావరణం ఎంతకీ తెరిపి ఇవ్వకపోతే విమానాన్ని అక్కడనే ఉంచి బస్సులో పోయి, తరువాతి వారం వచ్చి తెచ్చుకోవచ్చు. అయితే ఆ నిర్ణయం మేఘం కనిపించాక తీసుకొనేది కారాదు. ఇల్లు కదలకముందే జరగాలి. తిరునాళ్ళకు బయలుదేరే చోదకుడు ఇంధనంతోపాటు మరి రెండు రోజుల సెలవు కూడా ముందుగానే అడిగి ఉంచుకోవాలి. సోమవారం రాకపోవచ్చునని ఆఫీసులోను, చీకటిపడినా కంగారుపడవద్దని ఇంట్లోను చెప్పి మరీ బయలుదేరాలి.